మీ సొంత సినిమా పంచాంగం రాసుకోవడం ఎలా

ఆదివారం పొద్దున ఇడ్లీ తింటూ ఫోన్ తీస్తారు. ఎవరో ఫొటో పెట్టి ఉంటారు. నిన్న సాయంత్రం బంజారాహిల్స్‌లో ఇరానీ సినిమా వేశారట, టికెట్ అక్కర్లేదట, హాలు సగం ఖాళీయేనట. సరిగ్గా ఆ సమయానికి మీరు ఇంట్లో సోఫాలో పడుకుని, ఓటీటీలో ఏం చూడాలో తేలక నలభై నిమిషాలు పోస్టర్లు జరుపుతూ ఉన్నారు. ఒళ్ళు మండిపోతుంది. నాకు రెండేళ్ళపాటు ఇదే తంతు.

సినిమాలు వేసేవాళ్ళు లేక కాదు ఈ బాధ. వాళ్ళు చెప్పే పద్ధతే అలా ఉంటుంది. శుక్రవారం రిలీజయ్యే పెద్ద సినిమాకు నెల ముందు నుంచే ఫ్లెక్సీలు కడతారు. ఫిల్మ్ క్లబ్ షోకి బుధవారం రాత్రి ఒక వాట్సాప్ మెసేజ్, అంతే. దాన్ని పట్టుకోవాలంటే యాప్‌లో నోటిఫికేషన్ ఆన్ చేసుకుంటే సరిపోదు. కొంచెం తిరగాలి, కొంతమందిని పరిచయం చేసుకోవాలి, ఒక పుస్తకంలో రాసుకోవాలి. నేను ఎక్కువగా హైదరాబాద్ గురించే చెప్తాను, తిరిగింది అక్కడే కాబట్టి. వేరే ఊళ్ళలో ఉన్నవాళ్ళకు పనికొచ్చేది చివర్లో ఉంది.

మొదటి పని: తెరలు ఎక్కడున్నాయో చూసి రండి

చూసి రండి అంటే నిజంగానే వెళ్ళి చూడమని. సినిమా ఉన్న రోజే వెళ్ళాలని లేదు. ఒక శనివారం మధ్యాహ్నం ఖాళీ చేసుకుని తిరగండి. గేటు ఎటువైపు, బండి ఎక్కడ పెట్టాలి, హాలు ఏ మెట్లెక్కితే వస్తుంది, ఇవన్నీ ముందే తెలిసుంటే షో రోజు ఆఫీసు నుంచి ఆలస్యంగా బయల్దేరినా టెన్షన్ ఉండదు.

రవీంద్రభారతితో మొదలుపెట్టండి. పెద్ద హాలు అందరికీ తెలుసు. ఆ ఆవరణలోనే పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ అని చిన్న హాలు ఉందని చాలామందికి తెలియదు. జైరాజ్ కరీంనగర్ మనిషి. మూకీల కాలంలో బొంబాయి వెళ్ళి హీరో అయ్యాడు, 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్నాడు. ఆయన పేరు పెట్టిన ఈ హాల్లోనే తెలంగాణ భాషా సాంస్కృతిక శాఖ ‘సినీవారం’ పేరుతో శనివారాల్లో కొత్త కుర్రాళ్ళు తీసిన చిన్న సినిమాలు వేస్తూ వచ్చింది. చూసినవాటిలో కొన్ని బాగుంటాయి, కొన్ని ఉండవు. కానీ తీసినవాడు మీ ముందు వరుసలోనే చెమటలు కక్కుతూ కూర్చుని ఉంటాడు. మల్టీప్లెక్స్‌లో ఆ దృశ్యం దొరకదు.

అక్కణ్ణుంచి బంజారాహిల్స్ వెళ్ళండి. రోడ్ నంబర్ 1 దగ్గర లోపలి సందులో లమకాన్ ఉంది. 2010 నుంచి నడుస్తోంది. నాటకం, పాట, చర్చ, డాక్యుమెంటరీ, ఏదైనా పడుతుంది అక్కడ. బండరాళ్ళ పక్కన ఆరుబయట కూర్చోవడం, చాయ్, సమోసా. నెల కార్యక్రమాల పట్టిక వెబ్‌సైట్లో పెడతారు, కాబట్టి మెసేజ్ కోసం ఎదురుచూడాల్సిన పని లేని అరుదైన చోటు ఇది. గోథే సెంట్రమ్, అలయన్స్ ఫ్రాన్సేజ్ కూడా అదే దిక్కున ఉన్నాయి. జర్మన్, ఫ్రెంచ్ నేర్పే సంస్థలే కానీ అప్పుడప్పుడూ ఆ భాషల సినిమాలు ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తో వేస్తాయి. భాష నేర్చుకోకపోయినా లోపలికి రానిస్తారు. రిసెప్షన్‌లో మీ మెయిల్ ఐడీ రాసి రండి.

తర్వాత స్టూడియోల ప్రివ్యూ థియేటర్లు. రిలీజుకు ముందు సినిమావాళ్ళు తమ సినిమా తాము చూసుకోవడానికి కట్టుకున్న హాళ్ళివి. సీట్లు తక్కువ, సౌండ్ మాత్రం గట్టిగా ఉంటుంది. బంజారాహిల్స్‌లో ప్రసాద్ ల్యాబ్స్ ఒకటి. అమీర్‌పేటలో సారథి స్టూడియో మరొకటి, మెట్రో దిగితే నడిచే దూరం. 1974లో మొదలైన హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ చాలాకాలం అక్కడే షోలు వేసింది. ఆ క్లబ్బు పాత సభ్యులు ఎవరైనా తగిలితే 1986 సంగతి అడగండి. అప్పట్లో కేంద్రం ఊరూరా తిప్పిన అంతర్జాతీయ సినిమా పండుగ ఫిల్మోత్సవ్ ఆ ఏడాది హైదరాబాద్‌లోనే జరిగింది. అడిగారంటే ఒక గంట మీది కాదనుకోండి.

ఆర్టీసీ క్రాస్ రోడ్స్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. సుదర్శన్, దేవి, సంధ్య, ఈ మూడు హాళ్ళనూ మీ జాబితాలో ఎందుకు రాయాలో మూడో పనిలో చెప్తాను.

రెండో పని: పక్క సీట్లో మనిషితో మాట్లాడండి

ఫేస్‌బుక్ పేజీలు, ఇన్‌స్టా, బుక్‌మైషో, డిస్ట్రిక్ట్ లాంటి టికెట్ల యాప్‌లు, అన్నీ పెట్టుకోండి, కాదనను. బుక్‌మైషోలో సినిమాల విభాగంతోపాటు ఈవెంట్ల విభాగం కూడా చూడండి. చిన్న షోలు, ఒక్కరోజు ప్రదర్శనలు తరచుగా అక్కడ దాక్కుంటాయి. కానీ నాకు దారి తెరుచుకుంది వీటివల్ల కాదు, ఒక షో ఆగిపోవడం వల్ల.

ఆరింటికి సినిమా అన్నారు. ఆఫీసు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి కూర్చున్నాను. ఆరున్నర అయింది, తెర మీద ఏమీ లేదు. లైట్లు వేసే ఉన్నాయి. ముప్పై నలభై మందిమి ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటున్నాం. కాసేపటికి నిర్వాహకుడొకాయన వచ్చి "కీ పనిచేయడం లేదండీ" అన్నాడు. ఇప్పుడు రీళ్ళ డబ్బాలు లేవు కదా. సినిమా హార్డ్ డిస్క్‌లో డీసీపీ అనే రూపంలో వస్తుంది. దానికి తాళంచెవి లాంటి చిన్న ఫైలు విడిగా పంపుతారు. ఫలానా హాల్లోని ఫలానా సర్వర్‌లో, ఫలానా రోజు ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకే ఆ తాళం తెరుచుకుంటుంది. ఆరోజు షో హాలు మార్చారు, తాళంచెవి పాత హాలు సర్వర్‌కి తయారైంది. కొత్తది రావాలి. పంపాల్సిన ఆఫీసు ఉన్న దేశంలో ఇంకా మధ్యాహ్నమే కాబట్టి బతికిపోయాం.

ఆ గంటన్నరలో పక్క సీటాయన జేబులోంచి మడతలు పెట్టిన కాగితం తీశాడు. డెబ్భై ఏళ్ళుంటాయి, చేతిసంచీలో గొడుగు, నీళ్ళ సీసా. ఆ కాగితం మీద వచ్చే నెలన్నరలో నగరంలో పడబోయే సినిమాలన్నీ నీలం ఇంకుతో వరసగా రాసున్నాయి. "ఇవన్నీ మీకెలా తెలిశాయి సార్?" అన్నాను. "ఆడికి పోయినప్పుడు ఈడ ఏముందో అడుగుతా, ఈడికొచ్చినప్పుడు ఆడ ఏముందో అడుగుతా" అన్నాడు. నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో నన్ను చేర్పించింది ఆయనే. ఆయన మాత్రం వాట్సాప్ వాడడు.

మీరూ అదే చేయండి. షోకి పావుగంట ముందు వెళ్ళండి. హాలు తలుపు దగ్గర నిలబడి ఎవరొచ్చినా నమస్కారం పెట్టే మనిషి ఒకరుంటారు, ఆయనే నిర్వాహకుడు. "గ్రూపులో చేర్చండి సార్" అంటే మహదానందంగా చేరుస్తాడు, ఎందుకంటే రాని జనం గురించే ఆయన బెంగంతా. లోపల ఒంటరిగా కూర్చున్నవాళ్ళ పక్కన కూర్చోండి. సినిమా గురించి మొదలెట్టకండి, ఎవరి అభిప్రాయాలు వాళ్ళకుంటాయి. "వచ్చే వారం ఎక్కడుందో తెలుసా అండీ" అని అడగండి. ఈ ప్రశ్నకు మొహం తిప్పుకున్న మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

గ్రూపుల్లో ఒక జాగ్రత్త. రోజుకు రెండొందల మెసేజ్‌లు వచ్చే గ్రూపుల్లో షో వివరాలు గుడ్ మార్నింగ్‌ల కింద పడి కొట్టుకుపోతాయి. కనబడగానే స్టార్ గుర్తు పెట్టండి, లేదా అప్పటికప్పుడు పుస్తకంలోకి ఎక్కించండి. బయల్దేరే ముందు మరోసారి చూసుకోండి. నేను ఒకసారి వానలో తడుస్తూ వెళ్తే హాలుకి తాళం. షో మార్చినట్టు పొద్దున్నే మెసేజ్ పెట్టారు, చూసుకోనిది నేనే.

మూడో పని: పంచాంగం

పాత డైరీ ఒకటి తీసుకోండి. ఫోన్ క్యాలెండరైనా సరే, నాకైతే కాగితమే ఇష్టం. మూడు రకాలుగా రాసుకోవాలి.

వారం వారం వచ్చేవి పెన్సిల్‌తో రాయండి, మారిపోతుంటాయి కాబట్టి. వీటి గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

రెండోది హీరోల పుట్టినరోజులు. నవ్వకండి, పాత తెలుగు సినిమా పెద్ద తెర మీద చూడాలనుకునేవాళ్ళకు ఇంతకు మించిన ముహూర్తాల పట్టిక లేదు. 2022 ఆగస్టు 9న, మహేశ్‌బాబు పుట్టినరోజుకు ‘పోకిరి’ మళ్ళీ వేశారు. హాళ్ళు ఊగిపోయాయి. నాలుగు వారాలైనా తిరక్కుండా పవన్ కల్యాణ్ పుట్టినరోజు వచ్చింది, ‘జల్సా’ వేశారు. అప్పట్నుంచి రీ-రిలీజులు ఆనవాయితీ అయిపోయాయి. కాబట్టి రాసుకోండి: మే 28 ఎన్టీఆర్, ఆగస్టు 9 మహేశ్, ఆగస్టు 22 చిరంజీవి, సెప్టెంబరు 2 పవన్, సెప్టెంబరు 20 ఏఎన్నార్, అక్టోబరు 23 ప్రభాస్. ఆ తేదీలకు పది రోజుల ముందు నుంచి టికెట్ల యాప్ చూస్తూ ఉండండి. క్రాస్ రోడ్స్ హాళ్ళు జాబితాలో ఉండాలన్నది ఇందుకే.

ఏ షోకి వెళ్తారన్నది మీరెందుకు వెళ్తున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది. తెల్లవారుజాము షో, లేదా పుట్టినరోజు సెకండ్ షో అయితే కాగితం ముక్కలు, ఈలలు, పాటలకు తెర ముందు డాన్సులు. డైలాగు తెర మీద హీరో కంటే ముందు హాలు చెప్పేస్తుంది. ఒక్కసారైనా చూడాల్సిన సంబరమే. కానీ ఆ సినిమా ఛాయాగ్రహణం, ఎడిటింగ్ చూద్దామని వెళ్తే మాత్రం మరునాటి మధ్యాహ్నం షోకి వెళ్ళండి. మూడో రోజుకి సినిమా ఉండకపోవచ్చు. ఇంకోటి, ‘4కే’ అని పోస్టర్ మీద ఉన్నంత మాత్రాన ప్రింటు బాగున్నట్టు కాదు. నెగటివ్ నుంచి శుభ్రం చేసి తీసినది వేరు, ఉన్న వీడియోని సాగదీసినది వేరు. దగ్గరి షాట్‌లో మొహాలు మైనపు బొమ్మల్లా నున్నగా కనిపిస్తే అది సాగదీసిన సరుకే.

శతజయంతులూ మర్చిపోవద్దు. 2024 సెప్టెంబరు 20 నుంచి మూడు రోజులు పాత సినిమాలను కాపాడే ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్, కేంద్ర ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీ, పీవీఆర్ ఐనాక్స్ కలిసి అక్కినేని సినిమాలు దేశంలో చాలా ఊళ్ళలో వేశాయి. మా అమ్మను ‘మిస్సమ్మ’కు తీసుకెళ్ళాను. టీవీలో నలభై సార్లు చూసిన సినిమా. "సావిత్రి కళ్ళు ఇంత పెద్దవా రా" అంది. హీరోలవే కాదు, దర్శకుల, సంగీత దర్శకుల నూరేళ్ళ లెక్కలు కూడా ముందే వేసి పెట్టుకోండి.

మూడోది పండుగలు, అంటే ఫిల్మ్ ఫెస్టివల్స్. వీటిని సిరాతో రాయొచ్చు, చాలావరకు. గోవాలో జరిగే భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవం, అదే ఇఫీ, కొన్నేళ్ళుగా నవంబరు 20న మొదలై 28న ముగుస్తోంది. తిరువనంతపురంలో జరిగే కేరళ పండుగ ఐఎఫ్ఎఫ్‌కే డిసెంబరు రెండో శుక్రవారం మొదలవుతుంది. చెన్నై ఫెస్టివల్ కూడా డిసెంబరే, రెండూ ఢీకొంటాయి, ఒకటి వదులుకోవాల్సిందే. కోల్‌కతా నవంబరు చుట్టుపక్కల. పుణె జనవరి, ఫిబ్రవరి మధ్య. బెంగళూరుది జనవరి చివరి నుంచి మార్చి లోపల ఎప్పుడైనా పడుతుంది, దాన్ని పెన్సిల్‌తోనే రాయండి.

చాలావరకు అని ఎందుకన్నానంటే, పిల్లల సినిమా పండుగకు 1999 నుంచి హైదరాబాదే శాశ్వత వేదికగా ఉండేది. రెండేళ్ళకోసారి నవంబరులో జరిగేది. 2017లో 20వది జరిగింది. దాన్ని నడిపిన చిల్డ్రన్స్ ఫిల్మ్ సొసైటీని 2022లో ఎన్‌ఎఫ్‌డీసీలో కలిపేశారు. కాబట్టి పాత లెక్కతో బాలల దినోత్సవానికి సెలవు పెట్టి పిల్లలకు మాటివ్వకండి. ప్రకటన చూశాకే ఇవ్వండి.

వీటితోపాటు మనం వెళ్ళని పండుగలు కూడా నాలుగు రాసుకోవాలి: ఫిబ్రవరిలో బెర్లిన్, మేలో కాన్, ఆగస్టు చివర్లో వెనిస్, సెప్టెంబరులో టొరంటో. ఆ వారాల్లో ఏ సినిమాలకు బహుమతులొచ్చాయి, ఏ పేర్లు మళ్ళీ మళ్ళీ వినబడ్డాయి, ఓ పాతిక పేర్లు డైరీ వెనక పేజీలో దింపుకోండి. మేలో అక్కడ చప్పట్లు కొట్టించుకున్న సినిమాలే నవంబరుకి గోవా, డిసెంబరుకి తిరువనంతపురం చేరతాయి. షెడ్యూల్ విడుదలైనప్పుడు వందల పేర్లలో ఏది చూడాలో తెలియక జనం జుట్టు పీక్కుంటుంటే, మీ దగ్గర ఆరు నెలల కిందటి జాబితా ఉంటుంది.

నాలుగో పని: హాల్లో ఎక్కడ కూర్చోవాలి

చిన్న విషయమే కానీ మొదటిసారి వెళ్ళినవాళ్ళందరూ ఇక్కడే దెబ్బతింటారు. తెలుగు సినిమాకు ముందు వరుసలో మనిషి తల కాస్త అడ్డమొచ్చినా నష్టం లేదు, చెవులున్నాయి. పోలిష్ సినిమాకు అలా కాదు. సబ్‌టైటిల్స్ తెర అడుగున పడతాయి, సరిగ్గా ఆ తల ఉండేచోటే. ప్రివ్యూ థియేటర్లలో, సాంస్కృతిక కేంద్రాల్లో నేల అంత ఏటవాలుగా ఉండదు. ప్లాస్టిక్ కుర్చీలైతే చెప్పనే అక్కర్లేదు. నడవ పక్క సీటు పట్టుకోండి, పక్కకు వంగి చదువుకోవచ్చు. లేదా ముందు మెట్టు ఉన్న వరుస చూసుకోండి.

ఆకలితో వెళ్ళకండి. చిన్న హాళ్ళలో ఇంటర్వెల్ ఉండదు, పాప్‌కార్న్ ఉండదు. రెండు అరటిపళ్ళు, ఒక పల్లీ పట్టి సంచీలో వేసుకోండి. పల్లీ పట్టి కవరు మాత్రం సినిమాకు ముందే విప్పి పెట్టుకోండి. నిశ్శబ్దంగా సాగే జపనీస్ సినిమాలో ఆ కవరు చప్పుడు బాంబులా వినిపిస్తుంది, మీ వెనకాయన దాన్ని జన్మలో మర్చిపోడు.

సినిమా అయ్యాక చర్చ ఉంటే కూర్చోండి. మైకు దొరగ్గానే పావుగంట ఉపన్యాసమిచ్చే పెద్దమనిషి ఒకరుంటారు, ఓపిక పట్టండి. ఆయన తర్వాత ఎవరో అమ్మాయి చిన్న ప్రశ్న అడుగుతుంది, దానికొచ్చే జవాబు కోసమే ఉండాలి. వెళ్ళాలనుకుంటే మెట్రో ఆఖరి రైలు టైము ముందే చూసుకుని, తలుపు దగ్గర కూర్చోండి.

ఐదో పని: ఒక పెద్ద పండుగకు వెళ్ళండి

ఏడాది పాటు ఊళ్ళో షోలు చూశాక మీకే అనిపిస్తుంది, ఒక వారం మొత్తం సినిమాలే చూస్తే ఎలా ఉంటుందని. ఏది ముందు? దగ్గరది బెంగళూరు. ఇక్కడ రాత్రి బస్సెక్కితే పొద్దునకి దిగొచ్చు, మనలో సగం మందికి అక్కడ చుట్టాలిల్లు ఉండనే ఉంది. గోవాది కేంద్ర ప్రభుత్వ పండుగ. 1952లో బొంబాయిలో పుట్టి, ఊళ్ళు తిరిగి తిరిగి 2004లో పణజిలో స్థిరపడింది. హంగు ఎక్కువ, రెడ్ కార్పెట్, తారలు. నన్నడిగితే మొదటిసారికి తిరువనంతపురమే. కారణం సినిమాలు కాదు, జనం. పొద్దున తొమ్మిది గంటల షోకి ముందే కాలేజీ పిల్లలు, రిటైరైన మాస్టార్లు, బ్యాంకు ఉద్యోగులు క్యూలో నిలబడి నిన్నటి సినిమా మీద కొట్లాడుకుంటుంటారు. అక్కడ ఒక బహుమతిని ప్రేక్షకులే ఓటేసి నిర్ణయిస్తారు, అందుకే ప్రతి ఒక్కరూ తానే జ్యూరీ అన్నట్టు ఉంటారు.

రైలు సంగతి ముందు చూడండి, ఆ తర్వాతే మిగతావి. సికింద్రాబాద్ నుంచి తిరువనంతపురం వెళ్ళే శబరి ఎక్స్‌ప్రెస్ ఉంది, రోజూ. కానీ డిసెంబరు అంటే అయ్యప్ప సీజన్. కోట్టయం, చెంగన్నూరు దాకా బోగీ నిండా స్వాములే ఉంటారు. రైల్వే రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. డిసెంబరు రెండో శుక్రవారం నుంచి వెనక్కి లెక్కేస్తే అక్టోబరు రెండో వారం. ఫెస్టివల్ వాళ్ళు రిజిస్ట్రేషన్ తెరవలేదు కదా అని ఆగారంటే వెయిటింగ్ లిస్టే. టికెట్ తీసేసుకోండి, ఫెస్టివల్లోకి రానిచ్చే డెలిగేట్ పాస్ తర్వాత. స్వాములతో ప్రయాణం బాగుంటుంది కూడా. "మాల వేసుకోలేదు, అటెందుకు పోతున్నవు?" అంటే, సినిమాలకని చెప్పడానికి కొంచెం మొహమాటపడ్డాను. ఒకాయన "వారం రోజులు సినిమాలేనా, అది గూడ దీక్షనే" అని అరిసె చేతిలో పెట్టాడు.

డెలిగేట్ పాస్‌కి ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు. ఫొటో, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. విద్యార్థులకు వేరే రుసుము, సినిమా రంగంలో ఉన్నవాళ్ళకు వేరే విభాగం, మనలాంటివాళ్ళకు మామూలు ప్రేక్షకుల విభాగం. గోవాలో 18 ఏళ్ళు నిండనివాళ్ళకు పాస్ ఇవ్వరు. దానికి కారణముంది: ఫెస్టివల్‌కి వచ్చే విదేశీ సినిమాలకు మన సెన్సార్ సర్టిఫికెట్ ఉండదు. సమాచార ప్రసార శాఖ ఇచ్చే మినహాయింపు మీద, పేరు నమోదు చేసుకున్న డెలిగేట్లకే వేస్తారు. కోతలు లేని సినిమా అక్కడ దొరికేది ఆ మినహాయింపు వల్లే.

ఇక షెడ్యూల్. దాన్ని చూడగానే కళ్ళు తిరుగుతాయి. ఒక తెల్లకాగితం తీసుకుని రోజుకో వరుస గీయండి. ముందుగా డైరీ వెనక పేజీలోని పేర్లు వెతికి గుర్తుపెట్టండి. తర్వాత రెట్రోస్పెక్టివ్, అంటే ఒకే దర్శకుడి పాత సినిమాల వరుస, కొత్తగా బాగుచేసిన పాత సినిమాలు. మళ్ళీ పెద్ద తెర మీద దొరకనివి ఇవే, కాబట్టి వీటికే పెద్దపీట. రెండు నెలల్లో ఓటీటీలో వస్తుందని ఇప్పటికే తెలిసిన సినిమా కోసం గంట క్యూలో నిలబడకండి. అందరూ దానికే ఎగబడతారు.

టైముల లెక్క గట్టిగా వేయండి. 9 గంటలకు మొదలయ్యే సినిమా నిడివి 132 నిమిషాలనుకుందాం. ముందు పరిచయ ప్రసంగం పది నిమిషాలు. బయటికొచ్చేసరికి 11:25. తర్వాతి సినిమా 11:30కి ఇంకో హాల్లో ఉంటే అది కాగితం మీదే సాధ్యం. ఒకే ఆవరణలో ఉన్న హాళ్ళను ఒక రోజుకు కలిపి పెట్టుకోండి. తిరువనంతపురంలో కైరళి, శ్రీ, నిళ మూడూ ఒకే ప్రాంగణం. ఒక రోజంతా అక్కడే గడిపేయొచ్చు. బెంగళూరు పండుగ చాలా ఏళ్ళు ఓరియన్ మాల్‌లోనే జరిగింది కాబట్టి కాళ్ళకు పని తక్కువ ఉండేది.

సీట్ల బుకింగ్ ముందురోజో ఇంకా ముందో, ఒక నిర్ణీత గంటకు ఆన్‌లైన్‌లో తెరుస్తారు. తత్కాల్ టికెట్ తీసిన అనుభవముంటే అదే ఇది. ప్రతి స్లాట్‌కీ రెండో ఎంపిక రాసి పెట్టుకోండి. మొదటిది నిండిపోతే ఆలోచించకుండా రెండోది నొక్కండి. నా మంచి సినిమాల్లో సగం అలా రెండో ఎంపికలుగా వచ్చినవే. ఏదీ దొరక్కపోతే బుకింగ్ లేనివాళ్ళ క్యూ ఉంటుంది, ముప్పావుగంట ముందు వెళ్ళి నిలబడితే చాలాసార్లు లోపలికి పంపుతారు.

రోజుకు మూడు. నాలుగో సినిమాకు వెళ్తాను అంటారు, నేనూ అన్నాను. లోకమంతా మెచ్చుకున్న ఒక సినిమాలో హాయిగా నిద్రపోయి, చప్పట్లకు మెలకువొచ్చి, అందరితోపాటు నేనూ గట్టిగా కొట్టాను. బయటికొచ్చాక ఒకతను "ఆ చివరి షాట్ చూశారా!" అంటే "అబ్బ, ఏం షాటండీ" అన్నాను. సినిమాకి సినిమాకి మధ్య కనీసం ఒక టీ, డైరీలో మూడు లైన్లు. కథ రాయకండి, అది ఎక్కడైనా దొరుకుతుంది. మీకు గుర్తుండిపోయిన ఒక్క దృశ్యం రాయండి. మూడో రోజుకి ఏ అమ్మమ్మ ఏ సినిమాలోదో కలిసిపోతుంది.

ఆరో పని: మీ ఊళ్ళో ఏమీ లేకపోతే

అప్పుడు వేసేవాళ్ళు మీరే కావాలి. ఇది కొత్త సంగతేం కాదు. 1947లో కలకత్తాలో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా మిత్రులతో కలిసి ఫిల్మ్ సొసైటీ పెట్టేనాటికి రాయ్ ఇంకా సినిమా తీయలేదు. చూడ్డానికి చోటు లేక పెట్టుకున్నదే. 1959లో అలాంటి సొసైటీలన్నిటికీ కలిపి ఫెడరేషన్ వచ్చింది. మన దగ్గర కరీంనగర్ ఫిల్మ్ సొసైటీ ఉంది, ‘కఫిసో’ అంటారు. ఏకంగా ఫిల్మ్ భవన్ అని సొంత గూడు కట్టుకున్నారు. మహానగరం కాకపోయినా కుదురుతుందనడానికి ఇంకేం కావాలి?

మీకు భవనం అక్కర్లేదు. లైబ్రరీ హాలో, స్కూలు గదో, ఎవరిదైనా మేడమీది షెడ్డో చాలు. మూడు వేల ల్యూమెన్స్ వెలుతురున్న ప్రొజెక్టర్ అద్దెకు తెచ్చుకోండి. పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళ దగ్గర దొరుకుతుంది. తెరకన్నా ముందు చీకటి చూసుకోండి. కిటికీలకు నల్లగుడ్డ కట్టకపోతే ఎంత ప్రొజెక్టరైనా దండగ. స్పీకర్లు తెర పక్కనే ఉండాలి, వెనక కాదు.

సినిమా ఎక్కణ్ణుంచి తేవాలి? మీ ఓటీటీ అకౌంట్ పెట్టి జనానికి వేయకండి. ఆ చందా ఇంట్లో చూసుకోవడానికే. చిన్న సినిమా, డాక్యుమెంటరీ తీసినవాళ్ళకు నేరుగా రాయండి: మాది ఫలానా ఊరు, ఇంతమంది వస్తారు, టికెట్ లేదు, వేసుకోమంటారా అని. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. కొందరు వీడియో కాల్‌లో మాట్లాడతారు, దగ్గరివాళ్ళైతే బస్సెక్కి వస్తారు కూడా. ఆ బస్సు చార్జీ, రాత్రి భోజనం మీవి. ఒప్పుకున్న మెయిల్ దాచిపెట్టుకోండి.

మొదటి సినిమాగా మూడు గంటల కళాఖండం పెట్టకండి. గంట, గంటంపావు ఉండేది, తెలుగులో ఉంటే మరీ మంచిది. రోజు మార్చకండి. రెండో శనివారం అంటే ప్రతినెలా రెండో శనివారమే. మొదటిసారి ఓ ఇరవై మంది వస్తారు, అందులో సగం మీ చుట్టాలు. రెండోసారి ఏడుగురు. ఆ ఏడుగురి నంబర్లు రాసుకోండి.